ఏ పెల్లెట్ డబ్బా కొనాలి? పిస్టల్‌కి ఒక లెక్క, రైఫిల్‌కి ఒక లెక్క

పోయిన ఆదివారం రేంజ్ బయట టీ తాగుతుంటే ఒక నెల్లూరాయన వచ్చి పక్కన నిలబడ్డారు. వాళ్లబ్బాయిని ఎయిర్ గన్ షూటింగ్‌లో చేర్పించి మూడు వారాలైందట. అందులో వేసే చిన్న సీసపు గుండ్లనే పెల్లెట్లు అంటారు. "మీ పాప రెండేళ్లుగా చేస్తోంది కదండీ. ఏ పెల్లెట్లు కొనమంటారు? షాపులో ఏడు రకాల డబ్బాలు ముందు పెట్టాడు. ఖరీదైంది కొంటే మార్కులు పెరుగుతాయా?" అని అడిగారు.

"మీవాడు పిస్టలా, రైఫిలా?" అన్నాను.

"పిస్టల్."

"అయితే మీకు సగం డబ్బు మిగిలినట్టే."

ఆయన నమ్మలేదు. బెంగళూరులో ఈ ఆటలోకి వచ్చే మనవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఏది కొనాలన్నా ముందు స్పెసిఫికేషన్లు చదివి, అన్నిటికంటే పైది పట్టుకుంటాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే తెలిసింది, పెల్లెట్ ఎంపిక డబ్బా మీద రాసినదాన్ని బట్టి కాదు, టార్గెట్ మీద గీసిన గీతల్ని బట్టి చేయాలని.

ముందు ఒక మాట. అమెరికాలో ఉన్న మా బావ తూటాలు తనే నింపుకుంటాడు. ఫోన్ చేస్తే అరగంట ప్రైమర్ల గురించే. ప్రైమర్ అంటే తూటా అడుగున ఉండే చిన్న టోపీ, పిన్ను తగిలితే అంటుకుని లోపలి మందుకి నిప్పు పెట్టేది. చిన్న సైజు 0.175 అంగుళాలు, పెద్దది 0.210. చిన్న పిస్టల్ ప్రైమర్, చిన్న రైఫిల్ ప్రైమర్ వెడల్పులో ఒకటే గానీ రైఫిల్‌ది రేకు మందం. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని స్ప్రింగ్ బలం తగ్గించిన రివాల్వర్‌కి మెత్తని టోపీ కావాలి, లేకపోతే దెబ్బ చాలక పేలదు. తనంతట తనే లోడ్ అయ్యే రైఫిల్‌కి గట్టి టోపీ కావాలి, లేకపోతే బోల్టు మూసుకునే ఊపుకే పేలే ప్రమాదం. అతని తంటా అది, మనకి అవేవీ అక్కర్లేదు. మన దేశంలో ఆయుధ చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పైగా మన పిల్లలు మొదలుపెట్టేది ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందూ లేదు, టోపీ లేదు. గాలి, సీసపు పెల్లెట్, అంతే. ఆ పెల్లెట్ క్యాలిబర్ 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు. మా బావ చిన్న ప్రైమర్‌కీ మా అమ్మాయి పెల్లెట్‌కీ వెడల్పులో వెంట్రుకవాసి తేడా. "ఇద్దరం ఒకే సైజు వస్తువు కోసం జేబులు ఖాళీ చేసుకుంటున్నాం" అంటాడు.

ఆకారం దగ్గర ఆలోచించే పనే లేదు

పెల్లెట్ డమరుకంలా ఉంటుంది. మధ్యలో సన్నటి నడుము, ముందు తల, వెనక బోలుగా విచ్చుకున్న అంచు. ఆ అంచుని స్కర్ట్ అంటారు. తల బల్లపరుపుగా ఉండేది, గుండ్రంగా ఉండేది, మొన దేలినది, గుంట ఉన్నది, ఇలా నాలుగు రకాలు దొరుకుతాయి. 10 మీటర్ల పోటీకైతే బల్లపరుపు తల ఒక్కటే. అది కాగితం మీద పంచింగ్ మెషీన్ వేసినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది, అంచు గీతకి తగిలిందో లేదో కచ్చితంగా తెలుస్తుంది. గుండ్రటి తలది కాగితాన్ని చించుకుంటూ పోతుంది, రంధ్రం అసలు కంటే చిన్నదిగా కనబడుతుంది.

గుండ్రటి తల చెడ్డదేం కాదు. ఊళ్లో తోటలో పాతిక ముప్ఫై మీటర్ల దూరంలో డబ్బాలు పెట్టి కొట్టే సరదా ఉంటే అదే మంచిది, గాలిని బాగా కోసుకుపోతుంది. బల్లపరుపుది ఆ దూరానికి వేగం పోగొట్టుకుని దారి తప్పుతుంది. మొన దేలినవి చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, గురి మాత్రం వాటిలో తక్కువ. బసవనగుడి కడలెకాయి పరిషెలో బుడగలు కాల్చే స్టాల్‌కి ఏదైనా చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి: స్టీలు గుండ్లు మాత్రం మ్యాచ్ తుపాకీలో వేయకండి. గొట్టం లోపలి మెలి గీతలు సీసం కోసం చేసినవి, స్టీలు వాటిని అరగదీస్తుంది.

టార్గెట్ ఏం చెబుతుంది

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే మధ్యలో అర మిల్లీమీటరు చుక్క. ఆవగింజ కూడా దానికంటే పెద్దది. అక్కణ్ణుంచి ఒక్కో రింగు 2.5 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. పైగా రైఫిల్ క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే రౌండులో, మార్కులు దశాంశాల్లో వేస్తారు: 10.0, 10.1, అలా 10.9 దాకా. అరవై షాట్లు, గరిష్ఠం 654. అంటే ప్రతి 0.1 మార్కుకీ ఉన్న దూరం పావు మిల్లీమీటరు మాత్రమే.

ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. ఒక్కో రింగుకీ మధ్య 8 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు గీతకి తగిలినా పది కిందే లెక్క కాబట్టి, పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఎక్కడ పడినా పదే. క్వాలిఫికేషన్‌లో దశాంశాలు లేవు, పూర్తి అంకెలే, 600కి.

ఇప్పుడు పదో తరగతి పైథాగరస్‌ని పిలుద్దాం. షాట్లన్నీ ఒకేచోట పడకుండా ఎంత వెడల్పున పరుచుకుంటాయో దాన్ని చెదురు అందాం. షూటర్ చెయ్యి ఊగడం వల్ల వచ్చే చెదురు ఒకటి, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు ఇంకొకటి. ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి మామూలుగా కూడవు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లా కలుస్తాయి, మొత్తం చెదురు కర్ణం అవుతుంది.

కొత్తగా చేరిన రైఫిల్ పిల్ల చెదురు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. మామూలు పెల్లెట్ చెదురు 2. కలిస్తే 8.25. ఖరీదైన మ్యాచ్ పెల్లెట్ చెదురు 1 అనుకుంటే, కలిస్తే 8.06. రెండు మూడు రెట్లు డబ్బు పెడితే దక్కింది 0.19 మిల్లీమీటరు. పావు మిల్లీమీటరు కూడా కాదు.

అదే పిల్ల రెండేళ్ల తర్వాత బాగా కుదురుకుని చెదురు 2కి దిగిందనుకోండి. మామూలు పెల్లెట్‌తో 2.83, మ్యాచ్ పెల్లెట్‌తో 2.24. తేడా 0.59. ఇది గుంపు మొత్తం వెడల్పు కాబట్టి కేంద్రం నుంచి చూస్తే ఇందులో సగం, అయినా ఒక దశాంశానికి పైమాటే. అరవై షాట్లలో అన్నీ బయటికే పోవు గనుక అంత నష్టమూ మార్కుల్లో కనబడదు గానీ, దశాంశాల తేడాతో ఫైనల్ చేజారే చోట ఆ కొంత చాలు.

పిస్టల్ అబ్బాయిది 16 మిల్లీమీటర్ల చెదురు అనుకుంటే? మామూలుదానితో 16.12, మంచిదానితో 16.03. రింగుకీ రింగుకీ 8 మిల్లీమీటర్లు ఉన్నచోట దీన్ని పట్టించుకునేదెవరు? నెల్లూరాయనకి టీ గ్లాసు పక్కన పెట్టించి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి ఇదే చూపించాను. ఆయన రెండుసార్లు మళ్లీ కొట్టి చూసుకున్నారు.

నేను వేసుకున్న 8, 16, 2, 1 అనే అంకెలు ఉదాహరణకే. మీ పిల్లల టార్గెట్లు తీసి స్కేలుతో కొలిస్తే మీ అంకెలు మీకే వస్తాయి.

పిస్టల్‌కి ఏది, రైఫిల్‌కి ఏది

డబ్బాల మీద పిస్టల్ అని, రైఫిల్ అని రాసి ఉంటుంది. తేడా ముఖ్యంగా బరువులో. ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ల ఆర్10 పిస్టల్‌ది 0.45 గ్రాములు, రైఫిల్‌ది 0.53. అదే కంపెనీ మైస్టర్‌కుగెల్న్‌లోనూ ఈ రెండు బరువులే. హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్‌లో తేలికది 0.51, బరువుది 0.53. జేఎస్‌బీ అనే చెక్ కంపెనీలో తేలికది 0.475, దానికంటే బరువుది 0.52. పిస్టల్ గొట్టం పొట్టి, గాలి తోపు తక్కువ. తేలిక పెల్లెట్ అయితే తొందరగా బయటపడుతుంది. పెల్లెట్ గొట్టంలో ఉన్నంతసేపూ చెయ్యి కదులుతూనే ఉంటుంది కదా, అందుకే త్వరగా బయటపడితే మంచిది. రైఫిల్ భుజానికి ఆనుకుని నిలకడగా ఉంటుంది కాబట్టి బరువైనదాన్ని మోయగలదు. పిస్టల్‌లో రైఫిల్ పెల్లెట్ వేస్తే కొంపలేం మునగవు, గురి చూసే సైటు కొంచెం సర్దుకోవాలంతే. కొన్ని పిస్టళ్లకి బరువైనదే నప్పుతుంది కూడా.

ఇక తరగతులు. ప్రతి కంపెనీలోనూ ప్రాక్టీస్ రకం, మధ్య రకం, మ్యాచ్ రకం ఉంటాయి. ఆర్‌డబ్ల్యూఎస్‌లో బేసిక్, హాబీ లాంటివి కింది మెట్టు, మైస్టర్‌కుగెల్న్ మధ్య మెట్టు, ఆర్10 పై మెట్టు. హెచ్ అండ్ ఎన్‌లో ఎక్సైట్ కింద, స్పోర్ట్ మధ్యలో, ఫినాలే మ్యాచ్ పైన. చైనావాళ్ల చియాంగ్ యువాన్ పెల్లెట్లకీ అంతర్జాతీయ రైఫిల్ షూటర్లలో మంచి పేరుంది. మెట్టు ఎక్కేకొద్దీ మారేది సీసం కాదు, ఒకదానికొకటి ఎంత అచ్చంగా ఉన్నాయన్నదే. కింది మెట్టు డబ్బాలో ఐదొందల్లో కొన్ని స్కర్ట్ నొక్కుకుపోయినవి ఉంటాయి. అవి ఏరి పక్కన పెడితే మిగతావి ప్రాక్టీసుకి బంగారంలా పనికొస్తాయి.

నా సలహా సూటిగా చెబుతాను. పిస్టల్ అయితే మొదటి ఏడాది కింది మెట్టు, ఆ తర్వాత ఎప్పటికీ మధ్య మెట్టు చాలు. రాష్ట్ర స్థాయి పోటీకి మాత్రం మనసు కుదురు కోసం ఒక మ్యాచ్ డబ్బా. రైఫిల్ అయితే మొదటి ఆరు నెలలు కింది మెట్టు, తర్వాత మధ్య మెట్టు. షాట్లు సగటున పదిలో పడటం మొదలైన రోజు నుంచి మ్యాచ్ రకం, అదీ పరీక్షించి. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో నేర్చుకుంటున్నవాళ్లు మ్యాచ్ డబ్బా వైపు చూడనే వద్దు. ఆ తుపాకీ ఎగిరిపడటంలోనే పెల్లెట్ నాణ్యత అంతా కలిసిపోతుంది.

ఖర్చు ఎంతవుతుందంటే, మా అమ్మాయి వారానికి నాలుగు రోజులు, రోజుకి సుమారు ఎనభై షాట్లు కొడుతుంది. వారానికి 320, నెలకి దాదాపు 1,400. డబ్బాకి 500 చొప్పున నెలకి మూడు డబ్బాలకి కొంచెం తక్కువ. ఏడాదికి ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు డబ్బాలు. కింది మెట్టుకీ పై మెట్టుకీ ఉన్న తేడాని ఇన్ని డబ్బాలతో గుణించి చూడండి. ఆ డబ్బుతో షూటింగ్ జాకెట్టో, మంచి బూట్లో వస్తాయి. రైఫిల్ పిల్లలకి అవి పెల్లెట్ కంటే ముందు కావలసినవి.

తల సైజు, బ్యాచ్: రైఫిల్ వాళ్ల కోసం

డబ్బా వెనక 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. అది తల వెడల్పు. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో ముందే చెప్పలేం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు తీసుకున్నా ఒకదానికి 4.49, ఇంకొకదానికి 4.50 నచ్చవచ్చు. పక్కింటివాళ్లకి కుదిరిన సంబంధం మనకీ కుదురుతుందని లేదు కదా. "ఫలానా ఒలింపియన్ ఇది వాడతాడు" అన్న మాటకి విలువ లేదంటాను అందుకే. 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా పెల్లెట్ల ఎంపికలో ఎంత పట్టుదల చూపినా, ఆ ఎంపిక ఆయన గొట్టానికే.

పరీక్ష ఎలాగంటే, రైఫిల్‌ని బిగింపులో కదలకుండా పెట్టి, ఒక్కో రకంతో కొత్త కాగితం మీద పది షాట్లు కొట్టాలి. కొన్ని అకాడమీల్లో అలాంటి బిగింపు ఉంటుంది, కోచ్ సార్‌ని అడగండి. రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, 4.5 తీసేయాలి. బయటి కొలత 6.5 వస్తే చెదురు 2. 5.5 వస్తే 1. ఒక్కో రకానికి ఒక్క గుంపుతో తేల్చేయకండి. అదృష్టం కూడా గుంపు కట్టిస్తుంది. కనీసం నాలుగైదు గుంపులు కొట్టి సగటు చూడాలి. బిగింపు దొరక్కపోతే ఇసుక సంచి మీద ఆనించి కొట్టొచ్చు గానీ, అప్పుడు పెల్లెట్‌తో పాటు మీ ఊపిరిని కూడా కొలుస్తున్నట్టే.

నప్పినది తేలాక అదే బ్యాచ్ డబ్బాలు, అంటే ఒకే విడతలో తయారైనవి, ఒకేసారి కొనాలి. బ్యాచ్ నంబరు డబ్బా అడుగున ఉంటుంది. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒక షాపులో ఐదు డబ్బాలు అడిగితే, సీలు వేసిన కవర్లో పెట్టి ఇచ్చారు. పేరు ఒకటే, తల సైజు ఒకటే, ఇంటికి తెచ్చుకున్నాను. ఒక పోటీ మధ్యలో మా అమ్మాయి కొత్త డబ్బా తెరిచింది. అప్పటిదాకా చుక్క చుట్టూ తిరుగుతున్న షాట్లు ఎడమకి జరిగాయి. గురి సరిచూసుకునే సైటింగ్ షాట్లకి ఇచ్చే పదిహేను నిమిషాలు పోటీ మొదలవక ముందే అయిపోతాయి, మధ్యలో ఉండవు. పాపం, మార్కుకి లెక్కపడే షాట్లతోనే సైటు క్లిక్కులు సర్దుకుంది. ఒకటే టెన్షన్. ఇంటికొచ్చి డబ్బాల అడుగు చూస్తే మూడింటి మీద ఒక నంబరు, రెండింటి మీద ఇంకో నంబరు. అప్పట్నుంచి షాపులోనే డబ్బాలు తిరగేసి నంబరు చదివిగాని డబ్బులు ఇవ్వను. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనీ.

పిస్టల్ వాళ్లు ఇదంతా చదవకుండా దాటేసినా ఏం పోదు. మ్యాచ్ మధ్యలో డబ్బా మార్చొద్దు, అంతే.

చెన్నైలో ఉన్నవాళ్లకి

మా చిన్నాన్న కొడుకు చెన్నైలో ఉంటాడు. వాళ్లబ్బాయిదీ రైఫిలే. వాడి డబ్బాలో ఆరు నెలల నాటి పెల్లెట్ల మీద తెల్లటి పొడి పట్టింది. సీసానికి సముద్రపు గాలి, చెమ్మ పడవు. బెంగళూరు సముద్రానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున, ఏసీ లేకుండా బతికే ఊరు. ఇక్కడ అదే డబ్బా ఏడాది గడిచినా మెరుస్తూ ఉంటుంది. చెన్నై వాళ్లు ఒకేసారి పదేసి డబ్బాలు కొని నిల్వ చేయాలంటే, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టాలి. పొడి పట్టినవి ప్రాక్టీసుకి కూడా వద్దు, ఆ పొడి చేతికి, నోటికి వెళ్లకూడనిది. సముద్ర మట్టానికీ మన ఎత్తుకీ గాలి సాంద్రతలో తేడా ఉందని, రెండు ఊళ్లకీ వేరు పెల్లెట్లు కావాలేమో అని మావాడు అడిగాడు. పది మీటర్ల దూరం పెల్లెట్‌కి సెకనులో పదహారో వంతు ప్రయాణం. ఆ కాస్త సమయంలో గాలి చేసేది సైటింగ్ షాట్లలోనే సర్దుకుపోతుంది.

సీసం లేని పెల్లెట్లు కూడా వస్తున్నాయి, తగరంతో చేసినవి. తేలిక, ధర ఎక్కువ. చాలా గొట్టాల్లో సీసపువాటి అంత చిన్న గుంపు కట్టవు. నేనైతే సీసంతోనే ఉంటాను గానీ కొన్ని నియమాలు పెట్టాను: పెల్లెట్ నోట్లో పెట్టకూడదు, రేంజ్‌లో ఏమీ తినకూడదు, బయటికి రాగానే చన్నీళ్లు, సబ్బుతో చేతులు. ఇంట్లో రెండేళ్ల పిల్లలుంటే ఆ బ్యాగు అలమారా పై అరలో ఉండాలి. కింద పడ్డ పెల్లెట్ తిరిగి డబ్బాలో వేయొద్దు, పడినప్పుడే స్కర్ట్ వంగిపోయి ఉంటుంది. డబ్బా మూత కింద వచ్చే స్పాంజి ముక్కని పారేయకండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బండి మీద గంట సేపు కుదుపులు తింటే, అది లేని డబ్బాలో ఐదొందలూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి.

లైసెన్స్ గురించి కూడా నెల్లూరాయన అడిగారు. 0.177 క్యాలిబర్‌లో 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ తుపాకీకి ఆయుధ లైసెన్స్ అవసరం లేదు, పోటీల్లో వాడేవన్నీ దానికి చాలా తక్కువలోనే ఉంటాయి. అయినా బిల్లు, గుర్తింపు కార్డు బ్యాగులో ఉంచుకోవడం మంచిది. మెట్రో సెక్యూరిటీ దగ్గర వివరించుకోవడం మాత్రం ఎవరికీ తప్పదు. మేం అందుకే కారులోనే వెళ్తాం.

నెల్లూరాయన టీ డబ్బులు తనే ఇచ్చారు. కింది మెట్టు పిస్టల్ డబ్బాలు నాలుగు కొన్నానని, అన్నిటి మీదా ఒకే నంబరు ఉందని సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు. మిగిలిన డబ్బుతో ఏం చేద్దామనుకుంటున్నారంటే, "వాడికి డంబెల్స్ కొన్నానండీ, కోచ్ సార్ చెయ్యి ఊగుతోంది అన్నారు" అన్నారు.